ఇంటికీ పూల్‌కీ మధ్య నాలుగో కంచె

డాలస్ చుట్టుపక్కలో, ఫీనిక్స్ లోనో ఇల్లు కొంటున్న మనవాళ్ళని గమనించారా? తూర్పు ద్వారమా కాదా, పూజగది ఈశాన్యంలో కుదురుతుందా, స్కూలు రేటింగెంత.. ఇవన్నీ అయ్యాక పెరట్లో పూల్ కనబడితే "పిల్లలకి భలే కాలక్షేపం" అని ఓ మాట. నీళ్ళు ఏ మూలన ఉండాలో వాస్తు చెప్తుంది కాబట్టి దాని మీద ఇంకో అరగంట చర్చ. ఆ నీళ్ళకీ ఇంటి వెనక తలుపుకీ మధ్య ఏముందని మాత్రం ఒక్కరూ అడగరు.

నాకింకా ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. నువ్వెవడివి చెప్పడానికి అంటారేమో. పోనీ, వినండి.

అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లల మరణాలకి మొదటి కారణం నీట మునగడం. కారు ప్రమాదాలు, జబ్బులు అన్నీ దాని తర్వాతే. ఇంకో సంగతేంటంటే, ఇంటి పూల్స్ లో పోయిన పసివాళ్ళలో చాలామంది ఈత కొడుతూ పోలేదు. పిల్లాడు హాల్లో కార్టూన్ చూస్తున్నాడనో, నిద్రపోతున్నాడనో పెద్దవాళ్ళు అనుకుంటున్న టైములో తలుపు తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ.

"మేం చూస్తూనే ఉంటాంగా" అనే జవాబు అందుకే నాకు నచ్చదు. ఈత కొట్టేటప్పుడు చూస్తారు, సరే. కొట్టనప్పుడు?

సినిమాల్లోలాగా చేతులూపుతూ, అరుస్తూ మునుగుతారనే భ్రమ ఒకటుంది మనకి. 1970లలో ఫ్రాంక్ పియా అని న్యూయార్క్ ఆర్చర్డ్ బీచ్ లో పనిచేసిన లైఫ్ గార్డ్, మునిగిపోతున్నవాళ్ళని ఫిల్ము తీసి మరీ గమనించాడు. నోరు నీళ్ళ పైకొచ్చే ఆ కాస్త సేపూ ఊపిరి పీల్చుకోడానికే చాలదు, ఇంక అరిచేదెక్కడ? చేతులు నీటిని కిందకి నొక్కుతూ ఉంటాయి, ఊపడానికి ఖాళీ ఉండదు. ఇదంతా ఇరవై నుంచి అరవై సెకన్లు. చిన్నపిల్లలకి ఇంకా తక్కువ. అంటే పక్కగదిలో ఉండి "ఏదైనా శబ్దమైతే వెళ్తా" అనుకోవడం అసలు ప్లానే కాదు.

మరి కంచె? చాలామంది పెరట్లో ఉంది కదా అంటారు. ఉంది, మూడు వైపులా. నాలుగో వైపు ఇంటిగోడ. చాలా ఊళ్ళ నిబంధనలు ఇంటిగోడని కూడా కంచె కిందే లెక్కేసి, తలుపుకి అలారం పెట్టుకోమంటాయి. ఆ మూడు వైపులా ఉన్న కంచె పక్కింటి పిల్లల్ని ఆపుతుంది. మీ పిల్లాడు ఉండేది నాలుగో వైపున! పూల్ చుట్టూ నాలుగు వైపులా కంచె ఉన్నచోట ప్రమాదాలు బాగా తగ్గాయని అధ్యయనాలున్నాయి, మూడు వైపుల కంచె దాని ముందు తేలిపోయింది. ఎత్తు కనీసం 4 అడుగులు ఉండాలి. ఊచల సందు 4 అంగుళాలకి మించకూడదు. గేటు పూల్ కి అవతలివైపుకి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. ఆ గడియ పిల్లాడికి అందకూడదు. గేటు పక్కన కుర్చీ వేసి ఉంచితే ఇదంతా దండగ.

"వ్యూ పాడవుతుంది" అంటారు. తీసి పెట్టుకునే వల కంచెలు దొరుకుతున్నాయి, వాటిలోంచి పూల్ కనిపిస్తుంది కూడా. గృహప్రవేశం భోజనాలకి పెట్టే ఖర్చు తెలిసినవాణ్ణి కాబట్టి డబ్బు సంగతి నాతో చెప్పకండి.

కాలిఫోర్నియా 2018 నుంచి ఇంటికి కొత్తగా పూల్ కట్టినా, ఉన్నదానికి మార్పులు చేసినా, ఏడు రక్షణ పద్ధతుల్లో కనీసం రెండు ఉండాలంటోంది. ఒక్క సర్వర్ మీద ఆధారపడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా?

ఇంక మన వారాంతపు పార్టీలు. పాతికమంది పెద్దవాళ్ళు, బిర్యానీ, ఒక మూల పేకాట, ఇంకో మూల ఐ-140 కబుర్లు. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదని అర్థం. ప్రొడక్షన్ సపోర్ట్ లో ఆన్-కాల్ ఎవరో పేరు రాసి లేకపోతే రాత్రి రెండింటికి ఫోన్ ఎవరూ ఎత్తరు కదా, అదే కథ. పదిహేను నిమిషాలకొకరు.. ఫోన్ జేబులో, గ్లాసు బల్ల మీద, కళ్ళు నీళ్ళ మీద. టైమవగానే పేరు పెట్టి పిలిచి ఇంకొకరికి అప్పజెప్పాలి.

మామూలు రోజుల్లో పిల్లాడు ఎవరి దగ్గర ఉంటాడు? ఊర్నుంచి వచ్చిన అమ్మమ్మ దగ్గర. అమ్మానాన్నా ఇద్దరూ మీటింగుల్లో. ఆవిడకి ఈత రాదు, మనవడు నీళ్ళల్లో కనిపిస్తే చీరతో అలాగే దూకేస్తుంది. పూల్ పక్కన పొడుగాటి కొక్కెం కర్ర, ఒక రింగు పెట్టి, ఎలా వాడాలో ఆవిడకి ఒకసారి చూపించండి. 911 కి చెప్పడానికి ఇంటి అడ్రసు ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించండి.

"మా రోజుల్లో నడుముకి బెండు కట్టి బావిలో తోసేవాళ్ళు, ఈ కంచెలన్నీ ఎక్కడివి?" అనే పెదనాన్నలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ కబుర్లు చెప్తున్నది బావిలోంచి పైకి వచ్చినవాళ్ళు. రానివాళ్ళు వచ్చి చెప్పలేరు కదా పెదనాన్నా. ఈత నేర్పించమనే నేనూ అంటాను. నాలుగేళ్ళ లోపు పిల్లలకి వద్దని చెప్తూ వచ్చిన అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా 2010 లో ఆ మాట సడలించింది. కానీ ఈత వచ్చిన మూడేళ్ళవాడికి కంచె అక్కర్లేదని వాళ్ళూ అనలేదు. చేతులకి తొడిగే గాలి బుడగలైతే బొమ్మల లెక్క, లైఫ్ జాకెట్ల లెక్క కాదు.

చివరగా సీపీఆర్. ఆఫీసులో నేర్పేటప్పుడు "ఛాతీ నొక్కితే చాలు" అని విని ఉంటారు. అది ఉన్నట్టుండి గుండె ఆగినవాళ్ళకి. మునిగినవాళ్ళలో ముందు అయిపోయేది గాలి. శిక్షణ ఉన్నవాళ్ళు ముందు నోటితో ఊపిరి ఊదాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2024 లో మళ్ళీ స్పష్టంగా చెప్పింది. క్లాసుకి వెళ్తే పసిపిల్లలకి ఎలా ఊదాలో అడిగి మరీ నేర్చుకోండి, అమ్మమ్మని కూడా తీసుకెళ్ళండి.