‘జానపదం’ అని వేసేవాళ్ళు కాణిపాకం రావాలి

మా చిత్తూరు వైపు మాట మీద నమ్మకం కుదరకపోతే ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అంటారు. నాయకుల సవాళ్ళ పుణ్యమా అని ఇప్పుడది రాష్ట్రమంతటికీ తెలిసిన మాటే. పాట కింద ‘జానపదం’ అని వేసి చేతులు దులుపుకునేవాళ్ళని కూడా ఓసారి అక్కడికి పిలవాలి.

‘బండెనక బండి కట్టి’ ఎవరిదని అడిగి చూడండి. గద్దర్‌ది అంటారు, కాదంటే జానపదం అంటారు. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ‘మా భూమి’లో గద్దర్ పాడాడు, ఆ గొంతు మీదే అది ఊరూరా తిరిగింది, నిజమే. కట్టింది మాత్రం సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. గద్దర్ మీద నాకే ఫిర్యాదూ లేదు. వినీ వినీ, కట్టినవాడెవరని అడగని మన మీదే.

బ్లూస్‌దీ ఇదే గతి. విల్లీ డిక్సన్ రాసిన ‘యూ నీడ్ లవ్’ని మడ్డీ వాటర్స్ 1962లో పాడాడు. 1969లో లెడ్ జెప్పెలిన్ ‘హోల్ లాటా లవ్’ ప్రపంచాన్ని ఊపేసింది. రికార్డు మీద ఆ బ్యాండువాళ్ళ పేర్లే. ఆ గిటార్ రిఫ్ జిమ్మీ పేజ్‌దే, కాదనను. మాటల్లో చాలావరకు డిక్సన్‌వి. ఆయన 1985లో కేసు వేస్తే 1987లో రాజీ కుదిరింది, ఆ తర్వాతే పేరు చేరింది. డిక్సన్‌కి కోర్టు ఉంది. పోరాటంలో పాట కట్టినవాడికి కాపీరైటు కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాణిపాకం పక్కన పారే బాహుదా కథ తెలుసుగా. లిఖితుడు అన్న తోటలో మామిడిపండు అడక్కుండా తిన్నాడు. రాజు చేతులు నరికించాడు, ఏట్లో మునిగితే మళ్ళీ వచ్చాయి. శిక్ష మరీ మోటు, నేనూ ఒప్పుకోను. కానీ తోట ఎవరిదన్న దాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. ‘జానపదం’ అన్న మాట ముందు ఆ తోటకే యజమాని లేడంటుంది.

‘పాట జనానిది, పేరెందుకు?’ అంటారు కొందరు. మరి ‘సేకరణ: ఫలానా’ అని మీ పేరెందుకు వేసుకుంటున్నారు? జనం పాటని మార్చుకోవడం వేరు. యాదగిరి పాటలో నిజాం స్థానంలో తర్వాత ఎందరెందరినో నిలబెట్టారు, అది ఆ పాట బతుకు. మాట మార్చండి, వరస మార్చండి. పేరు తీసెయ్యకండి.

వెతికినా దొరక్కపోతే ‘కట్టినవారు తెలియలేదు’ అని వెయ్యండి. వెతకకుండానే ‘జానపదం’ అని వేశారా, చిత్తూరు నుంచి కాణిపాకానికి బస్సులున్నాయి.