చలికాలం పొలంలో నిప్పు: ఏ కట్టె కాల్చాలి, ఏది కాల్చకూడదు?



సంక్రాంతి దగ్గరపడేకొద్దీ మన తోటలకు పట్నం నుంచి చుట్టాలు, బియ్యం, పప్పులు కొనేవాళ్లు వస్తుంటారు. పొద్దుగూకగానే చలి మొదలవుతుంది, ఎవరో ఒకరు "బార్బెక్యూ పెడదామా" అంటారు. అప్పటిదాకా ఆచ్ఛాదన గొప్పతనం చెప్పిన రైతే గట్టు మీది ఎండుగడ్డి, చొప్ప తెచ్చి అగ్గిపుల్ల గీస్తాడు. ఇది చాలాచోట్ల చూస్తున్నా.

నా మాట సూటిగా చెప్తా. పొలంలో నిప్పు వేయడం తప్పు కాదు. గడ్డితో వేయడమే తప్పు.

గడ్డి కాలితే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. నేలకు చేరాల్సిన సేంద్రియ కర్బనమూ పోతుంది. పోనీ వంటకన్నా పనికొస్తుందా అంటే అదీ లేదు. గడ్డి భగ్గున మండి ఆరిపోతుంది, నిప్పులు నిలవవు. చలిగాలికి ఇంకో మోపు, ఇంకో మోపు వేస్తూనే ఉండాలి. కంకి పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

కాల్చడానికి కావాల్సింది మంట కాదు, నిప్పులు. పోయినేడాది కంది కట్టె, తుమ్మ, సరుగుడు, గట్టు మీద కొట్టిన ఎండుకొమ్మలు చాలు. కంది కట్టె త్వరగా అంటుకుంటుంది, తుమ్మ నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. రసాయన మందులు కొట్టిన పత్తి కట్టె మాత్రం పక్క చేనువాళ్లు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఆ పొగ మనం తినే తిండికే పడుతుంది. కిరోసిన్, ప్లాస్టిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటా (చెప్పాల్సి వస్తోంది కూడా!).

మంచుకు తడిసిన కట్టె పొగే ఇస్తుంది, అందుకే పొద్దున్నే కట్టె తెచ్చి కొట్టంలో పెట్టుకోండి. వీడియోలో చూపించినట్టు చెట్ల వేర్లకు దూరంగా జానెడు లోతు గుంత తీస్తే గాలి నిప్పుల వేడిని ఎత్తుకుపోదు. ప్రతిసారీ అదే గుంత వాడండి, వానపాములున్న నేలను కొత్తగా కాల్చొద్దు. మంట పూర్తిగా తగ్గి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర వచ్చాకే కాల్చడం మొదలుపెట్టాలి. ఎండాకాలం కంటే చలిలో దీనికి ఎక్కువసేపు పడుతుంది, తొందరపడితే లాభం లేదు. పక్కన చిన్న మంట ఉంచుకుంటే కొత్త నిప్పులు లాగుకోవచ్చు.

ఏం కాల్చాలి అంటారా? ఈ కాలంలో మన చేలోనే ఉన్నాయి కదా. పచ్చి కందికాయలు, జొన్న కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం, వేడి బూడిదలో పూడ్చిన చిలగడదుంపలు. బజారు మసాలా పట్టించిన ముక్కల కోసం మన పొలం దాకా రావడం ఎందుకు? మాంసం కావాలంటే అరకు, మారేడుమిల్లి వైపు చేసే బొంగు చికెన్ పద్ధతి ఉంది. పచ్చి వెదురు బొంగులో ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె అక్కర్లేదు, కొవ్వు నిప్పుల్లో పడి పొగ రాదు. ఒక బొంగు ఒకసారికే కాబట్టి, వెదురు పొద ఉన్నవాళ్లే చేసుకుంటే మేలు.

మిగిలిన బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. మంచు ఆరకముందే కూరగాయ మొక్కల మీద పల్చగా చల్లితే పేనుబంకకు పనిచేస్తుంది. చౌడు నేలల్లో వేయొద్దు, జీవామృతంలోనూ కలపొద్దు. బూడిద తగిలితే పేడ, మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

ఇంకొక్కటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. చలిగా ఉందని మిగిలిన నిప్పుల్ని కుంపట్లో వేసి తలుపులు మూసిన గదిలోకి తీసుకెళ్లి పడుకోవద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాపలా పడుకునే తమ్ముళ్లకు ఈ మాట ఈ రాత్రే చెప్పండి. నిప్పు బయటే ఉండాలి, పడుకునేముందు నీళ్లు చల్లి, కట్టెతో కలిపి చూడాలి.