మోతాదు పెరిగితే మార్పు పెరగదు!

మందుల షాపులో అడగ్గానే దొరికే వాటిలో గర్భనిరోధక మాత్రలు ముందుంటాయి. పిల్లలు అప్పుడే వద్దనుకునే ఆలుమగల కోసం తయారైన ఈ మాత్రలను ఏళ్ల తరబడి కొంటున్న వాళ్లు ఇంకొందరున్నారు... ట్రాన్స్‌జెండర్ మహిళలు. రోజుకు ఒకటి కాదు, కొందరైతే మూడు, నాలుగు! గురువు వేసుకుంది, అక్క వేసుకుంది కాబట్టి తనూ వేసుకోవడమే. చర్మం నునుపెక్కుతుందని, ఛాతీ పెరుగుతుందని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ మాత్రలో ఉంది.

మాలా-డి లాంటి మాత్రలో ఉండే ఈస్ట్రోజెన్ పేరు ఇథినైల్ ఈస్ట్రడయోల్. ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాములు. నాలుగు వేసుకుంటే 0.12. చూడ్డానికి చాలా చిన్న అంకె. కానీ నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఒకప్పుడు ట్రాన్స్ మహిళలకు రోజుకు ఇచ్చింది దాదాపు ఇంతే... 0.1 మిల్లీగ్రాము. దానికి తోడు పురుష హార్మోనును అడ్డుకునే సైప్రోటిరోన్ అనే మందు. ఆ చికిత్సలో ఉన్న 303 మంది వివరాలను 1989లో లెక్కగట్టి చూస్తే, సిరల్లో రక్తం గడ్డకట్టే సమస్యలు మామూలు జనంలో కన్నా 45 రెట్లు ఎక్కువగా కనిపించాయి. 1997లో 816 మందితో మళ్లీ చూశారు. అప్పుడూ 20 రెట్లు! కాలి సిరలో పుట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణమే పోవచ్చు. అక్కడి వైద్యులు ఆ ఈస్ట్రోజెన్‌ను పక్కన పెట్టేశారు. ట్రాన్స్ ఆరోగ్యంపై ప్రపంచవ్యాప్తంగా పనిచేసే డబ్ల్యూపాత్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలూ దాన్ని వాడొద్దనే చెబుతున్నాయి. అక్కడ ఎన్నడో వదిలేసిన లెక్కనే ఇక్కడ చీటీ లేకుండా, పరీక్ష లేకుండా మళ్లీ వేసుకుంటున్నారన్నమాట.

మరి వాడాల్సిందేమిటి? ఈస్ట్రడయోల్. స్త్రీల శరీరంలో సహజంగా తయారయ్యే హార్మోను ఇదే. ఈస్ట్రడయోల్ వాలరేట్ పేరుతో మాత్రలుగా వస్తుంది. ఒంటికి రాసుకునే జెల్ రూపంలోనూ ఉంటుంది. ఇథినైల్ రకంతో పోలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు దీనితో బాగా తక్కువ. తక్కువే తప్ప బొత్తిగా లేకపోలేదు. వయసు 45 దాటినవారికి, పొగతాగేవారికి, ఒళ్లు ఎక్కువగా ఉన్నవారికి, ఇంతకుముందు రక్తం గడ్డకట్టినవారికి మాత్రలకు బదులు చర్మం ద్వారా ఒంట్లోకి చేరే మందు వైపు వైద్యులు మొగ్గుతారు. సిగరెట్టు మానేయమనడం ఇక్కడ ఉత్త నీతిబోధ కాదు, చికిత్సలో భాగమే.

రెండో మందు ఎందుకన్న సందేహం చాలామందికి వస్తుంది. ఈస్ట్రడయోల్ సరిపడా ఉంటే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆదేశాలు తగ్గి, టెస్టోస్టిరాన్ దానంతటదే కొంత పడిపోతుంది. అయితే మొత్తం భారం దాని మీదే వేస్తే మోతాదు బాగా పెంచాల్సి రావొచ్చు. పక్కన ఇంకో మందు పురుష హార్మోను సంగతి చూసుకుంటే ఈస్ట్రోజెన్‌ను తక్కువలో ఉంచొచ్చు. అంటే జంటగా వాడేది రెండింటినీ పెంచడానికి కాదు, ఒకదాన్ని తగ్గించడానికి.

ఈ రెండో మందుగా ఎక్కువగా వాడేది స్పైరనోలాక్టోన్. నిజానికిది బీపీకి, గుండె జబ్బుకి వాడే మాత్ర. మూత్రం ఎక్కువగా పోయేలా చేసి ఒంట్లోని నీరు తీసేస్తుంది. గుండె బలహీనపడ్డ రోగులపై 1999లో వెలువడిన పేరున్న ఒక అధ్యయనంలో, ఈ మందు వాడిన మగవాళ్లలో పది శాతం మందికి ఛాతీ పెరగడమో నొప్పి పుట్టడమో జరిగింది. గుండె రోగికి దుష్ఫలితమైనది ఇక్కడ అక్కరకొచ్చింది!

దీనితో అసలు పేచీ పొటాషియం దగ్గర వస్తుంది. ఈ మాత్ర పొటాషియాన్ని బయటికి పోనివ్వదు. అది రక్తంలో పేరుకుంటే కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. ముందస్తు సూచన లేకుండా గుండె ఆగిపోయే ప్రమాదమూ ఉంది. మూత్రపిండాలు బాగా పనిచేసే పాతికేళ్లవారిలో ఇది అరుదు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి వాడుతున్నవారైతే వైద్యుడికి ముందే చెప్పాలి. ఎందుకంటే ఇవీ పొటాషియాన్ని పెంచేవే. ఒళ్లు నొప్పులకని రోజూ వేసుకునే బ్రూఫెన్ మాత్రా ఇందుకు తోడవుతుంది. హెచ్‌ఐవీతో ఉన్నవారికి న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ ఇస్తుంటారు. స్పైరనోలాక్టోన్‌తో కలిస్తే అదీ పొటాషియాన్ని ఎగదోస్తుంది. ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే మందులు ఒక సంచిలో, హార్మోను మాత్రలు ఇంకో సంచిలో పెట్టుకుని, ఒకచోటి సంగతి మరోచోట చెప్పకుండా తిరిగేవారికి ఇక్కడే దెబ్బ. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్‌ది వేరే తంతు. అది ఈస్ట్రోజెన్‌ను కాలేయంలో త్వరత్వరగా కరిగించేస్తుంది. పని చేయడం లేదనుకుని మాత్రలు పెంచేస్తారు కొందరు.

ఇక తిండి. ఎండాకాలం కదా అని పూటకో కొబ్బరిబోండాం తాగే అలవాటుంటే కాస్త ఆలోచించాలి. కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే. బీపీ వారికని అమ్మే 'తక్కువ సోడియం' ఉప్పులోనూ సోడియానికి బదులు కలిపేది పొటాషియాన్నే. ఎప్పుడో ఒక బోండాం తాగితే కొంపలేమీ మునగవు. రోజూ తాగితేనే చిక్కు.

యూరప్‌లో సైప్రోటిరోన్ వాడకం ఎక్కువ. టెస్టోస్టిరాన్‌ను గట్టిగానే అణిచిపెడుతుంది. కాలేయంపై ప్రభావం, దిగులు దీని వెంట వచ్చే తిప్పలు. మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డలు వచ్చే ముప్పు కూడా ఉందని, మోతాదు, వాడిన కాలం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుందని 2020లో యూరోపియన్ ఔషధ సంస్థ హెచ్చరించింది. ఒకప్పుడు రోజుకు 50, 100 మిల్లీగ్రాములు ఇచ్చేవారు. ఇప్పుడు 10 సరిపోతుందంటున్నారు. మరి నాలుగు మాత్రలేసుకుంటే నాలుగింతలు ఫలితం అన్న లెక్క ఏమైనట్టు? ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే బైకాలుటమైడ్ పేరూ ఈమధ్య గట్టిగానే వినబడుతోంది. అరుదుగానైనా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు కాబట్టి దాన్ని మామూలుగా వాడమని డబ్ల్యూపాత్ చెప్పడం లేదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. పీసీఓడీ ఉన్న అమ్మాయిలకు, మొటిమలకు రాసే ఒక రకం మాత్రలో సైప్రోటిరోన్, ఈస్ట్రోజెన్ రెండూ కలిసే ఉంటాయి. 'ఒకే మాత్రలో రెండు పనులు' అనిపిస్తుంది. అయితే అందులోని ఈస్ట్రోజెన్ ఏమిటో అట్ట వెనక చదవాలి. ఇథినైల్ ఈస్ట్రడయోలే! ఆమ్‌స్టర్‌డామ్ జంట మళ్లీ అదే.

నిర్వాణం అయినవారి సంగతి ఇంకోలా ఉంటుంది. వృషణాలు తీసేశాక అడ్డుకోవాల్సిన పురుష హార్మోను పెద్దగా మిగలదు. కాబట్టి రెండో మందు ఆపేయొచ్చు. అయినా అలవాటుగా వేసుకుంటూ వచ్చేవారున్నారు. ఫలితం లేకుండా ముప్పు మాత్రం మోయడమే. దీనికి సరిగ్గా ఎదురుగా, ఆపరేషన్ అయిపోయింది కదా అని ఈస్ట్రోజెన్ కూడా మానేసేవారూ ఉన్నారు. ఏ హార్మోనూ లేని ఒంట్లో ఎముకలు గుల్లబారిపోతాయి.

ఎంత వాడాలన్నది పక్కింటి అక్క చెప్పేది కాదు, రక్తం చెప్పేది. హార్మోను వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు, ఈస్ట్రడయోల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలి. తొలి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్ష. స్పైరనోలాక్టోన్ వాడితే పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. సైప్రోటిరోన్ అయితే కాలేయం పరీక్ష. మొదలుపెట్టకముందే తేల్చుకోవాల్సింది మరొకటుంది. తర్వాత బిడ్డ కావాలనుకుంటే వీర్యాన్ని ముందే భద్రపరచుకోవాలి.

తొందర పడితే ఏమొస్తుంది? ఛాతీలో మార్పు మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై, పూర్తి కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఎన్ని మాత్రలు మింగినా గొంతు మారదు. గడ్డం పలచబడుతుందేమోగానీ పోదు. దానికి లేజర్ ఒక దారి.

ఇదంతా చూసే వైద్యుడు ఎక్కడ దొరుకుతాడన్నది న్యాయమైన ప్రశ్న. హార్మోన్ చికిత్స అందించే ఏర్పాట్లు ప్రభుత్వాలు చేయాలని 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల చట్టం చెప్పింది. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన 'మిత్ర్' క్లినిక్‌లో ఈ సేవలు దొరికేవి. అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో అది మూతపడింది. ఆ తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఒక దేశంలో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ రక్తపరీక్షలు ఆగిపోవడం ఏం ఏర్పాటు? అలాంటి చోటు దగ్గర్లో లేనివారు పెద్దాసుపత్రిలో ఎండోక్రినాలజీ విభాగాన్ని అడగొచ్చు.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడుతూ కాళ్లూ చేతులూ పట్టు తప్పినా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకూడదు. క్యాజువాలిటీకి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టాలి. నవ్వుతారని దాచుకుంటే, కాలివాపుకి నొప్పిమాత్ర ఇచ్చి పంపేసే అవకాశం ఎక్కువ.