కంచరగాడిదల బాట

అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కగా పోటోమాక్ అనే నది ప్రవహిస్తున్నది. ఈ నది వెంట, ఎగువన కంబర్లాండ్ అనే ఊరిదాకా 297 కిలోమీటర్ల కాలిబాట ఒకటి ఉన్నది. కొండల్లోకి పోయే బాట అయినా దాదాపు అంతా చదునే! ఎందుకంటే దాన్ని కంచరగాడిదల కోసం వేశారు.

1828 జూలై 4న నది పక్కన ఒక కాలువ తవ్వటం మొదలుపెట్టారు. కొండలు దాటి ఒహాయో నదిదాకా పడవలు నడపాలని సంకల్పం. సరిగ్గా అదే రోజున, అటే పోయే రైలుదారికి కూడా పని మొదలయింది. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ 1850లోగాని చేరలేదు. చేరి, అక్కడే ఆగిపోయింది.

దారిలో 605 అడుగుల ఎత్తు ఎక్కాలి. అందుకు 74 లాకులు కట్టారు. గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు: పడవ లోపలికి రాగానే తలుపులు మూసి నీరు వదులుతారు, నీటితోబాటు పడవా పైకి లేస్తుంది. ఒకచోట కొండనే తొలిచారు. ఆ సొరంగం పొడవు 3,118 అడుగులు. పనికి పద్నాలుగేళ్లు పట్టింది. దాని పేరు పాపా. అది అక్కడ పండే ఒక పండు పేరు, మన బొప్పాయి మాత్రం కాదు. లోపల ఒక్క పడవకే చోటు. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు సరంగులు వెనక్కు తగ్గమని భీష్మించుకు కూర్చుంటే, చివరకు పచ్చి మొక్కజొన్న చొప్ప తగలబెట్టి పొగతో వారిని బయటికి రప్పించారని ఒక కథ చెబుతారు.

కంచరగాడిదలు గట్టున నడుస్తూ బొగ్గు పడవలను మోకుతో లాగేవి. ఆరు గంటలు లాగాక వాటిని పడవలోని కొట్టంలోకి ఎక్కించి, అక్కడ సేద తీరిన వాటిని దింపేవారు. వాటిని తోలటం తరచు సరంగు పిల్లల పని. మరీ పసివాళ్లు నీళ్లలో పడకుండా నడుముకు తాడు కట్టి పడవకు ముడివేసేవారు.

1924లో వరద వచ్చి కాలువ పాడయింది. మళ్లీ పడవలు నడవలేదు. కొన్నాళ్లకు దాని మీదుగా మోటారు రోడ్డు వేస్తామన్నారు. ఒక పెద్ద పత్రిక బాగున్నదని రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కు ఇది నచ్చలేదు. "నాతో ఆ బాట పొడుగునా నడిచి చూడండి," అని ఆ సంపాదకులను పిలిచాడు. 1954 మార్చిలో 58 మంది బయలుదేరారు. ఎనిమిది రోజుల తరవాత, మొత్తం దారి నడిచినవారు డగ్లస్‌తో కలిపి తొమ్మిదిమందే! అయినా పత్రిక మాట మార్చుకున్నది. రోడ్డు రాలేదు. 1971లో కాలువ జాతీయ ఉద్యానమయింది.

1983లో పోటోమాక్ పొడుగునా ఉన్న బాటలన్నిటినీ కలిపి ఒక వారసత్వ బాటగా గుర్తించారు. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా మూతబడిన రైలు కట్టల మీద వేసిన మరో 240 కిలోమీటర్ల బాట 2013లో పూర్తి అయింది. ఒహాయో నది పుట్టేది ఆ పిట్స్‌బర్గ్‌లోనే. పడవలు చేరలేని ఆ చోటికి ఇప్పుడు సైకిలు మీద పోవచ్చు.