పల్లెకు 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్' డాక్టరా?

వైద్య విద్యను కుదించి మూడేళ్లలో డాక్టర్లను తయారు చేయవలెనన్న వాదం మన దేశంలో పదేళ్లకొక పర్యాయమైనా తలయెత్తుతూనే ఉన్నది. 2001లో ఛత్తీస్‌గఢ్, 2005లో అస్సాం ఆ దారి పట్టినవి. 2010లో భారత వైద్య మండలి మూడున్నరేళ్ల గ్రామీణ వైద్య పట్టాను ప్రతిపాదించినది. 2023 మే నెలలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మూడేళ్ల డిప్లొమా డాక్టర్ల యోచనను మరల ముందుకు తెచ్చినారు.

ఇది డాక్టర్ల తగవు, రైల్వే తపాలా ఉద్యోగులకెందుకని కొందరు సభ్యులకు తోచవచ్చును. ఆ కోర్సులలో చేరబోయేది ఎవరి బిడ్డలు? ప్రైవేటు కళాశాలలో సీటు కొనగలవారి బిడ్డలు కారు. ఆ డాక్టరు దగ్గరకు పోవలసి వచ్చేది ఎవరు? బ్రాంచి పోస్టాఫీసు ఉన్న ఊరి జనం, లెవెల్ క్రాసింగు పక్కన కాపురమున్న గేట్‌మాన్ కుటుంబం. రెండు వైపులా ఉన్నది మనమే.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. చదువును వేగంగా ముగించుట వేరు, చదువును కోసివేయుట వేరు. ఈ తేడా రన్నింగ్ స్టాఫ్‌కు వివరించి చెప్పనక్కరలేదు. కొత్త సెక్షన్‌కు బదిలీ అయిన అనుభవజ్ఞుడైన డ్రైవరు ఇంజను పాఠాలు మొదటి నుండి చదవడు, ఎల్.ఆర్. ట్రిప్పులు చేసి, సిగ్నళ్లు, మలుపులు, గ్రేడియంట్లు తెలుసుకొని బండి పట్టుకుంటాడు. అతనికి తక్కువ కాలం చాలును, ఎందుకనగా మిగిలినదంతా అతడు ముందే నేర్చి ఉన్నాడు. అదే తక్కువ కాలాన్ని నిన్న చేరిన కుర్రవానికి పెట్టి, బ్రాంచి లైను గనుక ఫరవాలేదని ఇంజను అప్పగించే అధికారి ఉన్నాడా?

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైద్య కళాశాలలు వేసవి సెలవులు రద్దుచేసి, నాలుగేళ్ల పాఠాన్ని మూడేళ్లలో నడిపినవి. 1970 దశకంలో ప్రభుత్వ నిధుల ప్రోత్సాహంతో మరల అనేక కళాశాలలు మూడేళ్లకు మారి, దశాబ్దం చివరికి అధిక భాగం నాలుగేళ్లకే తిరిగి వచ్చినవి. 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం మూడేళ్ల మార్గాన్ని మరొకసారి తెరచినది. ఆ ప్రయోగాల మంచిచెడులు ఎట్లున్నా, మూడేళ్లలో ముగించినవానికీ నాలుగేళ్లు చదివినవానికీ అక్కడ చేతికి వచ్చేది ఒకే ఎం.డి. పట్టా. ఇచ్చట మనకు చూపుతున్నది అట్టిది కాదు. తక్కువ చదువు, తక్కువ పట్టా, తక్కువ హోదా, అదియును పల్లెకు మాత్రమే.

ఈ ఏర్పాటు తపాలా కార్మికులకు బాగుగా తెలిసినదే. పల్లెలో రోజంతా పని ఉండదన్న సాకుతో బడిపంతులుకో దుకాణదారుకో తపాలా సంచి అప్పగించి, వారిని శాఖకు వెలుపలి మనుషులుగా ఉంచుట బ్రిటిషు కాలపు పొదుపు. స్వాతంత్ర్యం వచ్చినది, ఆ పొదుపు పోలేదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు సివిల్ పోస్టులో ఉన్నవాడేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2001 నియమావళితో వారి పేరు గ్రామీణ డాక్ సేవక్ అయినది. ఉత్తరం అదే, మనియార్డరు అదే, పొదుపు ఖాతా అదే. అయినను నేటికీ వారు రెగ్యులర్ ఉద్యోగులు కారు, సి.జి.హెచ్.ఎస్. వైద్య సదుపాయం లేదు. పల్లె కోసం సగం ఉద్యోగిని సృష్టించిన ప్రభుత్వం, ఆ సగాన్ని నిండు చేయుటకు తనంతట తాను ఏనాడూ పూనుకొనలేదు. అదే చేయి ఇప్పుడు సగం డాక్టరును మలచబోతున్నది.

ఛత్తీస్‌గఢ్ అనుభవం చూడుడు. మూడేళ్ల కోర్సు పెట్టినారు. విద్యార్థులు చేరిన తరువాత కోర్సు పేరు మార్చినారు. మేము డాక్టర్లమా, కాదా అని ఆ పిల్లలు సమ్మె చేయవలసి వచ్చినది. కొన్నేళ్లకే కోర్సు మూతబడినది. చదివి బయటకు వచ్చినవారిని గ్రామీణ వైద్య సహాయకులన్న పేరుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపినారు. తరువాత అక్కడ జరిగిన పరిశీలనలో, ఆ కేంద్రాలకు సాధారణంగా వచ్చే జబ్బులకు వైద్యం చేయుటలో వీరు ఎం.బి.బి.ఎస్. అధికారులకు తీసిపోలేదని తేలినది.

పొట్టి కోర్సును సమర్థించేవారు ఈ సంగతిని విజయధ్వజంగా ఎత్తి చూపుదురు. మేమును దానిని కాదనము. డాక్టర్ల సంఘాలు "సగం చదివిన డాక్టరు ప్రాణం తీయును" అని భయపెట్టినట్లు మేము భయపెట్టబోము. ఆ కేకలో రోగి మీది దయ ఎంతో, వృత్తి గుత్తాధిపత్యం మీది మమకారమూ అంతే ఉన్నది. మా ప్రశ్న ఒక్కటే. వారి పని సమానమైనప్పుడు పేరెందుకు సహాయకుడు? పై మెట్టెక్కే దారి ఎందుకు లేదు?

అస్సాం కథ ఇంకను బాధాకరం. 2004 చట్టం ప్రకారం జోర్హాట్‌లో డిప్లొమా కోర్సు తెరచినారు. 2014లో గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినది. 2015లో రాష్ట్రం మరొక చట్టం చేసి, ఆ డిప్లొమా పొందినవారికి కమ్యూనిటీ ఆరోగ్య వృత్తి నిపుణులుగా బ్రతుకుతెరువు చూపినది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు పాత చట్టం రద్దును ఖాయపరచి, కొత్త చట్టాన్ని నిలబెట్టినది. అనగా ఇరవై ఏళ్ల వయసులో చేరిన విద్యార్థి తన చదువు విలువ ఎంతో తేల్చుకొనుటకు నలభై సమీపించువరకు ఆగవలసి వచ్చినది. చట్టం చేసినవారు ఒక్క దినమైనా జీతం నష్టపోలేదు.

పట్టా పేరులో ఏమున్నదని తేలికగా అనువారు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి గుర్తు చేసుకొందురు గాక. మద్రాసు వైద్య కళాశాలలో పూర్తి చదువు చదివియు, ఖద్దరు ధరించి ఆంగ్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొనవలసి వచ్చిన మహామేధావి ఆయన. మద్రాసు మెడికల్ సర్వీసు తలుపు ఆయనకు తెరుచుకొనలేదు. అంతటివానికే అట్లయినచో, గ్యాంగ్‌మన్ కుమార్తెకు ఎవరు తెరచెదరు?

డాక్టర్ల కొరత మాటకు వత్తము. 2014లో సుమారు 51 వేలున్న ఎం.బి.బి.ఎస్. సీట్లు పదేళ్లలో లక్ష దాటినవి. దాదాపు సగం ప్రైవేటు కళాశాలలవి. అంత ఫీజు చెల్లించి బయటపడినవాడు పల్లెకు పోడు. పోవుటకు సిద్ధపడినవానికి నిండు జీతంతో ఖాళీ భర్తీ కాదు, క్వార్టరు ఉండదు. రైల్వే ఆసుపత్రులలోనే కాంట్రాక్టు డాక్టర్లతో నెట్టుకొని వచ్చుట మన సభ్యులు ఎరుగనిదా? కొరత పట్టాల కొరత కాదు, పోస్టుల కొరత. మూడేళ్ల కోర్సు ఆ ఖాళీలను చౌకగా పూడ్చే ఉపాయం మాత్రమే. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్, లైసెన్సు పొందిన డాక్టర్లలో మూడవ వంతు మించకుండా కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత అనుమతి ఇవ్వవచ్చునన్నది. పరిమితి ఎచ్చట ముగియునో అందులో ఉన్నది. వారు నిండు డాక్టర్లు కాగల దారి మాత్రం లేదు.

విదేశీ దగ్గరిదారి అమ్మజూపే ఏజెంట్ల గురించియు ఒక మాట. 2021 నవంబరు నాటి నిబంధనల ప్రకారం విదేశంలో వైద్య చదువు కనీసం 54 నెలలు, ఆపై అక్కడనే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండవలెను. ఫిలిప్పీన్స్‌లో నాలుగేళ్ల ఎం.డి.కి పంపిన తల్లిదండ్రులకు ఆ లెక్క కుదరదని ఆలస్యంగా తెలిసినది. దానికి ముందు చదివిన బి.ఎస్. కాలాన్ని వైద్య చదువుగా పరిగణించలేదు. తిరిగి వచ్చినవారు వ్రాయవలసిన అర్హత పరీక్షలో ఇటీవలి చాలా విడతలలో నూటికి ముప్పది మందియైనా గట్టెక్కలేదు. ఫండు అడ్వాన్సో సొసైటీ అప్పో తీసుకొనేముందు ఏజెంటు కరపత్రం కాదు, కమిషన్ నిబంధన చదువుడు.

మరి వేగవంతమైన మార్గమే వద్దా? కావలెను, అయితే అది పైకి పోయే మార్గం కావలెను. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చునాటికి దేశంలో నమోదైన 47,500 మంది వైద్యులలో దాదాపు 30,000 మంది లైసెన్షియేట్లే. ఆ కోర్సును ఎత్తివేయుమని కమిటీ చెప్పినది. అటుపిమ్మట కొన్ని విశ్వవిద్యాలయాలు లైసెన్షియేట్ల అనుభవాన్ని లెక్కించి, వారికి సంక్షిప్త ఎం.బి.బి.ఎస్. నడిపినవి. తక్కువ కాలంలో వారు పొందినది అందరి పట్టాయే. పోస్ట్‌మాన్ డిపార్ట్‌మెంటల్ పరీక్ష వ్రాసి గుమాస్తా అయ్యే పద్ధతికి ఇది భిన్నం కాదు.

పదేళ్లు వార్డులలో పనిచేసిన నర్సుకు, ఫార్మసిస్టుకు, ఛత్తీస్‌గఢ్, అస్సాంలలో నలిగిన ఆ డిప్లొమా వైద్యులకు సర్వీసును లెక్కగట్టి ప్రభుత్వ కళాశాలలలో సంక్షిప్త ఎం.బి.బి.ఎస్. సీట్లు కేటాయించుడని మన సమాఖ్య కోరవలెను. గ్రామీణ డాక్ సేవకులకు సి.జి.హెచ్.ఎస్. కోరే తీర్మానం పక్కనే ఈ తీర్మానమూ ఉండవలెను. ఆ సీట్లు వచ్చువరకు, మూడేళ్ల కోర్సు ప్రకటన చూచి ఫీజు కట్టబోవు సభ్యులు ఆ పట్టా రాష్ట్ర చట్టం మీద నిలిచినదో, జాతీయ కమిషన్ గుర్తింపు మీద నిలిచినదో ముందుగా వ్రాతపూర్వకంగా తెలుసుకొనవలెను.