కొవ్వాడ కరెంటు ఏ దారిన పోతుంది?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వింటున్నాం: "ప్లాంటు వస్తే ఈ చుట్టుపక్కల కరెంటుకు కొదవుండదు". భూములు అడిగే చోట ఈ మాట మరీ గట్టిగా వినబడుతుంది. కరెంటు నడిచే దారి చూస్తే ఇందులో నిజమెంతో తేలుతుంది.

అణు కేంద్రంలోనూ చివరికి జనరేటర్‌ను తిప్పేది ఆవిరే. బొగ్గుకు బదులు యురేనియం నుంచి వేడి వస్తుంది. పుట్టిన కరెంటును అక్కడే 400 కేవీకి పెంచి పెద్ద లైన్లలోకి వదులుతారు. ఇక అది ఊరి సొత్తు కాదు, గ్రిడ్డుది. తమిళనాడులోని కూడంకుళం మొదటి యూనిట్ 2013 అక్టోబరులో గ్రిడ్డుకు కలిసింది. దాని కరెంటు కర్ణాటక, కేరళ, పుదుచ్చేరిలకూ వాటాలుగా పోతోంది. కర్ణాటకలోని కైగా నుంచి మన రెండు రాష్ట్రాలకూ వాటా ఉంది. కైగా పక్క ఊరి రైతుకు, మనకు వచ్చేది అదే కలగలుపు కరెంటు.

కొవ్వాడలో అనుకుంటున్నవి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు. అంత కరెంటు మోయాలంటే ఎన్ని టవర్లు ఎవరి పొలాల్లో దిగుతాయి? లైను కింద కొబ్బరి పెట్టనివ్వరు, మామిడి పెరగనివ్వరు. తల మీద 400 కేవీ తీగ పోతున్నా, కింద మోటారు దాన్నుంచి నడవదు. ఆ కరెంటు 220, 132, 33, 11 కేవీల మెట్లు దిగి మన ట్రాన్స్‌ఫార్మర్‌కు రావాలి. లో వోల్టేజీ పుట్టేది ఎక్కువగా ఈ చివరి మెట్ల దగ్గరే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఐదు హార్స్‌పవర్ మోటార్లను నాలుగైదుకు మించి మోయలేదు. ఏడెనిమిది తగిలించిన చోట్లు మనకు కొత్తా? మోటారు కాలితే వైండింగ్ ఖర్చు రైతుదే. గ్రిడ్డులో ఎంత కరెంటున్నా ఈ బాధ తీరదు.

దేశానికి కరెంటు అక్కర్లేదని మనం అనడం లేదు. ప్లాంటు పేరు చెప్పి ఊరి కరెంటు ఆశ చూపడమే తప్పంటున్నాం. లైన్లు ఏయే ఊళ్ల మీదుగా పోతాయో భూమి మాటకు ముందే చెప్పాలి. టవర్ అడుగు భూమికి విలువలో 200 శాతం, లైను కింది భూమికి 30 శాతం పరిహారం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. అది కాగితం మీద కాదు, రైతు ఖాతాలో పడాలి. సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పెంచే పనికి ప్లాంటు కోసం ఆగక్కర్లేదు.

వచ్చే మండల సమావేశానికి మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏదో, దాని మీద ఎన్ని మోటార్లున్నాయో రాసుకు రండి.