కొనకండి... మీ లైబ్రరీ కొనేసింది!

పరిశోధన చేసే విద్యార్థులకు తరచూ ఎదురయ్యే తంటా ఇది. నెట్‌లో గాలిస్తే సరిగ్గా కావలసిన వ్యాసమే దొరుకుతుంది. ఆత్రంగా క్లిక్ చేస్తే... సారాంశం నాలుగు ముక్కలు చూపించి, మిగతాది చదవాలంటే ముప్ఫయ్యో నలభయ్యో డాలర్లు కట్టమంటుంది వెబ్‌సైట్. అమెరికాలో ఎమ్మెస్, పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలకు అదేం చిన్న మొత్తం కాదు. పైగా ఒక్క థీసిస్‌కే పదుల కొద్దీ వ్యాసాలు తిరగేయాలాయె!

చిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ డబ్బు ముందే కట్టేసి ఉంటుంది. కట్టింది యూనివర్సిటీ లైబ్రరీ. పెద్ద యూనివర్సిటీలు జర్నళ్ల చందాలకే ఏటా లక్షల డాలర్లు వెచ్చిస్తాయి. మరి గదిలో కూర్చుంటే ఎందుకు తెరుచుకోదు? వెబ్‌సైట్ మనిషిని కాదు, కంప్యూటర్ ఐపీ అడ్రసును చూస్తుంది. క్యాంపస్ నెట్ అయితే రమ్మంటుంది, ఇంటి నెట్ అయితే రుసుము అడుగుతుంది.

దీనికి విరుగుడే ప్రాక్సీ సర్వర్. విద్యార్థి లైబ్రరీ సర్వర్‌లో లాగిన్ అయితే, వెబ్‌సైట్ దృష్టిలో అతను క్యాంపస్‌లో ఉన్నట్టే! ఎన్నో లైబ్రరీలు వాడుతున్న 'ఈజీప్రాక్సీ'ని 1999లో రూపొందించింది ఆరిజోనాలోని ఓ కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ క్రిస్ జాగర్. 2008లో దాన్ని ఓసీఎల్‌సీ సంస్థ కొనుక్కుంది.

ప్రతిసారీ లైబ్రరీ సైట్‌కి వెళ్లి వెతికే శ్రమను తప్పించేదే 'ప్రాక్సీ బుక్‌మార్క్‌లెట్'. చాలా లైబ్రరీలు తమ సైట్‌లోనే ఈ బటన్ ఉంచుతాయి. దాన్ని మౌస్‌తో లాగి బ్రౌజర్ బుక్‌మార్క్ బార్ మీద వదిలితే చాలు. బార్ కనిపించకపోతే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు కలిపి నొక్కాలి. ఇక డబ్బు అడిగే పేజీ వచ్చినప్పుడల్లా ఆ బటన్ నొక్కాలి. అది ఆ పేజీ చిరునామాకు లైబ్రరీ ప్రాక్సీ చిరునామాను జోడిస్తుంది. లాగిన్ అడిగితే వివరాలివ్వాలి. లైబ్రరీ చందా కట్టిన జర్నల్ అయితే వ్యాసం తెరుచుకుంటుంది!

చందా లేకపోతే? అప్పుడూ పర్సు తీయక్కర్లేదు. 'ఇంటర్‌లైబ్రరీ లోన్' కింద అడిగితే మరో లైబ్రరీ నుంచి తెప్పించి పెడతారు. రచయితకే ఈమెయిల్ రాసినా చాలామంది సంతోషంగా పంపిస్తారు.

జాగ్రత్తలూ ఉన్నాయి. బుక్‌మార్క్‌లెట్ అంటే చిన్న ప్రోగ్రామే కాబట్టి సొంత లైబ్రరీ సైట్ నుంచే తీసుకోవాలి. స్నేహితుడు అడిగాడని పాస్‌వర్డ్ ఇవ్వకూడదు. వందల వ్యాసాలు గంపగుత్తగా దించుకుంటే ప్రచురణ సంస్థ మొత్తం యూనివర్సిటీకే తలుపులు మూసేయవచ్చు. ఒకరి తొందరకు అందరికీ శిక్ష!

మన దేశంలో దారి కాస్త వేరు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల కోసం 2025 జనవరిలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలైంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లు ఈ పథకం కిందికి వచ్చాయి. ఇంటి నుంచి చదివే పద్ధతేమిటో కాలేజీ లైబ్రేరియన్‌ని అడిగితే చెబుతారు. ఎక్కడ చదివే పిల్లలైనా, కార్డు నంబరు కొట్టేముందు చేయాల్సిన పని అదే!